మెట్ట తాబేళ్ళకు డెల్టా విందు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరూ ఆకలితో ఉండేవారు కాదు. ఉండాలనుకున్నా ఉండనిచ్చేవారు కాదు. వచ్చిన మనిషి గుమ్మంలో చెప్పులు విడిచేలోపే మా నాయనమ్మ వంటింట్లో కంచం కడిగేది. "ఇప్పుడే తిని వచ్చామండీ" అనే మాటకి మా గోదావరి వైపు ఒకటే అర్థం, ఇంకొంచెం బతిమాలమని. అలాంటి ఇంట్లో పుట్టిన పాపానికి, పుణ్యానికి, తొమ్మిదేళ్ళు వచ్చేసరికే నేను గుండ్రంగా తయారయ్యాను. స్కూల్లో గ్రూపు ఫొటో తీసినప్పుడు ఫొటోగ్రాఫరు నన్ను ఎప్పుడూ చివర నిలబెట్టేవాడు. మధ్యలో నిలబెడితే ఫొటో నాది మాత్రమే అవుతుందని కాబోలు. తిండి గురించి నేను చెప్పబోయే మాటలకి నాకు అనుభవం అప్పటికే బోలెడు ఉందనీ, బుద్ధి మాత్రం ఆ వేసవిలోనే వచ్చిందనీ తెలియడానికి ఇదంతా చెబుతున్నాను.

మాది రావులపాలెం. మా నాన్న అరటి మార్కెట్లో గెలలు కొని లారీలకి ఎత్తించేవారు. ఆ లారీల్లో ఒకటి మదనపల్లె వైపు నుంచి టమాటాలు తెచ్చి రాజమండ్రిలో దింపి, ఖాళీగా పోకుండా మా గెలలు ఎక్కించుకుని వెళ్ళేది. దాని డ్రైవరుకి భోజనం పెట్టకుండా నాయనమ్మ ఒక్కసారీ పంపలేదు. ఒక ఏప్రిల్ నెలలో ఆయన లారీ క్యాబిన్లోంచి ఒక గోనెసంచి దింపి, దాని మూతి విప్పి నా ముందు పెట్టాడు. లోపల రెండు తాబేళ్ళు. నల్లటి డిప్పల మీద పసుపుపచ్చ గీతలు, ఒక్కో బొడిపె మీద ఒక్కో చుక్క పొడిచినట్టుగా.

"మెట్ట తాబేళ్ళు పాపా ఇవి. మా గుట్టల్లో యాడ జూసినా ఇవే. గడ్డీ ఆకులూ ఏస్తే సాలు. పండ్లు మాత్రం ఎక్కువ పెట్టొద్దు," అని చెప్పి ఆయన లారీ ఎక్కేశాడు. అడవిలో తిరిగే జీవాన్ని ఇంట్లో పెట్టుకోకూడదన్న సంగతి అప్పట్లో మా వీధిలో ఎవరికీ తెలియదు. తెలిసినా, భోజనాల వేళకి వచ్చినవాళ్ళని వెళ్ళిపొమ్మనే అలవాటు మా ఇంట్లో లేదు.

మేం డెల్టా వాళ్ళం. మాకు తాబేలంటే నీళ్ళలో ఉండేదే. కాలవలో ఉంటుంది, చెరువులో ఉంటుంది, నూతిలో ఉంటుంది. నూతినీళ్ళు శుభ్రంగా ఉంటాయని తాబేలుని నూతిలో వదిలి పెంచుకున్న ఇళ్ళు మా వీధిలోనే రెండు ఉండేవి. అందుకని లారీ అలా మలుపు తిరిగిందో లేదో నాయనమ్మ గంగాళం నిండా నీళ్ళు పట్టించి, "పాపం, ఎంత దూరం నుంచి ఎండలో పడి వచ్చాయో" అంటూ రెండింటినీ అందులో వదిలింది. అవి ఈదలేదు. గుండ్రాళ్ళలా అడుక్కి పోయాయి. నాన్న పరిగెత్తుకొచ్చి మోచేతుల దాకా ముంచి పైకి తీసేసరికి పెద్దదాని ముక్కులోంచి బుడగలు వస్తున్నాయి.

"మెట్టవి అన్నాడు కదమ్మా!" అన్నారు నాన్న.

"మెట్టవైతే మాత్రం స్నానం చెయ్యవేంటి?" అంది నాయనమ్మ.

మెట్టకీ డెల్టాకీ ప్రాస కుదిరినంత తేలిగ్గా కాపురం కుదరదని మాకు ఆ రోజే తెలిసి ఉండాల్సింది.

పెరట్లో అరటి బోదెల పక్కన, నేల తడిగా లేని చోట నాన్న ఇటుకలతో మోకాలెత్తు గోడ కట్టించారు. లోపల పొడి ఇసుక పోయించి, సగం మేర తాటాకు కప్పించారు. పెద్దదానికి పెద్దాయన అనీ, చిన్నదానికి చిన్నాయన అనీ పేర్లు పెట్టాను. పెద్దాయన నా చదువుల సంచీ అంత ఉండేవారు. చిన్నాయన నా అరచేతులు రెండూ కలిపితే పట్టేంత ఉండేవాడు. ఇప్పుడు రాస్తుంటే తడుతోంది, ఆయనకి 'వారు' అనీ వీడికి 'వాడు' అనీ, తిండి కంటే ముందు మర్యాద కూడా మేం పెద్దదానికే ఎక్కువ వడ్డించాం.

ఇక తిండి సంగతి. పండ్లు ఎక్కువ వద్దని డ్రైవరు చెప్పిన మాట నాయనమ్మ చెవికి ఎక్కలేదు. "బాగుంది, రావులపాలెం వచ్చి అరటిపండు తినకుండా వెళ్తారా ఎవరైనా?" అంది. పొద్దున్నే నేను తోటకూర వేసేదాన్ని. నేను స్కూలుకి వెళ్ళాక నాయనమ్మ ఒక చక్రకేళి పండు వలిచి వేసేది. మధ్యాహ్నం అమ్మ దోసకాయ తొక్కలూ, బచ్చలి కాడలూ వేసేది. సాయంత్రం నాన్న మార్కెట్ నుంచి మగ్గిన పండ్లు రెండు తెచ్చి, ఎవరూ చూడకుండా గోడ మీంచి జారవిడిచేవారు. ఎవరికి వారే, మిగిలినవాళ్ళు పెట్టలేదేమోనన్న అనుమానంతో పెట్టేవారు. అందరూ ఒకే చోట, గోడకి దగ్గరగా, వంగితే చెయ్యి అందే చోట వేసేవారు. అక్కడ ఎప్పుడు చూసినా ఒక చిన్న కుప్ప ఉండేది. ఆ కుప్ప ముందు పెద్దాయన పెళ్ళిపెద్దలా కూర్చుని ఉండేవారు. కూర్మావతారం మా ఇంట్లో కూరావతారం అయింది.

చిన్నాయన మాత్రం తినేవాడు కాదు. తాటాకు నీడలోంచి నాలుగు అడుగులు వచ్చి, ఆగి, మెడ లోపలికి తీసుకుని, తిరిగి గోడవైపు వెళ్ళిపోయేవాడు. అక్కడ ముందు కాళ్ళతో ఇటుకల్ని గీకుతూ ఉండేవాడు. గరగరమని ఒకటే చప్పుడు. వాడికి ఆకలి లేదనీ, ఇటుకలంటే సరదా అనీ నేను తీర్మానించాను.

ఆదివారం ఆదివారం వాటిని తూచడం నాన్న నాకు అప్పగించిన పని. కొట్లోంచి చిన్న తక్కెడ తెచ్చి వసారా దూలానికి వేలాడదీసేవారు. మొదటి ఆదివారం చిన్నాయన కిలో రాయికి సరిగ్గా సమానంగా తూగాడు. రెండో ఆదివారం రాయి ఉన్న పళ్ళెం కిందికి దిగింది. ముల్లు మధ్యకి రావడానికి చిన్నాయన పక్కన యాభై గ్రాముల రాయి ఒకటి కూర్చోబెట్టాల్సి వచ్చింది. మూడో ఆదివారం దాని పక్కన ఇంకో యాభై. పళ్ళెంలో రెండు ఇనపరాళ్ళ మధ్య మెడ ముడుచుకుని కూర్చున్న ఆ ప్రాణిని చూసి నాన్న తక్కెడ దించేశారు. పెద్దాయన మాత్రం వారం వారం బరువెక్కుతున్నారు, పైగా కడుపు చెడి ఇసుకంతా పాడుచేస్తున్నారు.

"వచ్చే నెల డ్రైవరు లోడుకి వస్తాడు," అన్నారు నాన్న. "అప్పటికీ ఇది ఇలాగే ఉంటే రెండింటినీ ఇచ్చేద్దాం. మనింట్లో ఒక ప్రాణం తిండి లేక పోయిందన్న మాట నేను పడలేనమ్మా."

ఆ రోజు నేను అన్నం మానేశాను. అంటే మధ్యాహ్నం మానేశాను. సాయంత్రం నాలుగింటికి పకోడీలు వేశారు, వాటిని మానడం నా వల్ల కాలేదు. పకోడీలు తింటూ, ఏడుస్తూ, గోడ మీంచి చిన్నాయన ముందుకి మరో గుప్పెడు తోటకూర విసిరాను. పెద్దాయన వచ్చి తినేశారు.

మా ఎదురింటి తాతగారు రంగంలోకి దిగింది అప్పుడే. ఆయనకి వీధి పెట్టుకున్న పేరు వడ్డన తాతగారు. రెండెకరాల కొబ్బరితోట ఉన్న రైతు. వంటవారు కాదు, ఎవరి దగ్గరా ఒక్క పైసా పుచ్చుకునేవారు కాదు. కానీ చుట్టుపక్కల ఎక్కడ పెళ్ళి జరిగినా పంచె ఎగ్గట్టి, నడుముకి తువ్వాలు బిగించి, బంతుల మధ్య నిలబడేవారు. భోజనానికి వరసగా కూర్చున్నవాళ్ళని మా వైపు బంతి అంటారు. ఆయన నిలబడ్డ బంతిలో పప్పు రాలేదని ఎవరూ అనలేదు, నెయ్యి అందలేదని ఎవరూ అలగలేదు. పెళ్ళివారు ముహూర్తం పెట్టుకునేముందు పురోహితుణ్ణి ఒకసారీ, ఆయన్ని ఒకసారీ కనుక్కునేవారని చెప్పుకునేవారు.

నా ఏడుపు వీధిలోకి వినిపించి ఆయన పెరట్లోకి వచ్చారు. నాయనమ్మ ఆయనకి కాఫీ ఇస్తూ, "చూడండి, ఎంత పెట్టినా తినదు. ఇంకా ఏం పెట్టమంటారు దీనికి?" అంది.

ఆయన గోడ మీంచి లోపలికి ఓసారి తొంగి చూశారు. పీట ఒకటి తెమ్మని, గోడ పక్కన వేసుకుని కూర్చున్నారు. నన్ను కూడా కూర్చోమన్నారు. "ఇవ్వాళ నువ్వు వడ్డించకు అమ్మడూ. చూడు. నోరు కూడా తిన్నగా పెట్టుకో," అన్నారు. రెండూ నాకు కష్టమైన పనులే. అయినా కూర్చున్నాను.

కుప్ప మామూలుగానే ఉంది. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత చిన్నాయన నీడలోంచి బయటికి వచ్చాడు. మెడ చాపాడు. కుప్పవైపు నడిచాడు. ఇంకో జానెడు ఉందనగా పెద్దాయన ఇటువైపు తిరిగారు. కరవలేదు, తొయ్యలేదు, కోప్పడలేదు. ఊరికే తిరిగారు. అంతే. చిన్నాయన మెడ లోపలికి పోయింది. కాసేపు అలాగే ఆగి, వెనక్కి మళ్ళి, గోడ దగ్గరికి వెళ్ళి గీకడం మొదలెట్టాడు. ఆ గంటలో ఇలాగే మూడుసార్లు జరిగింది. మూడుసార్లూ నేను లేచి ఇంకొంచెం వెయ్యబోయాను. మూడుసార్లూ తాతగారు నా జడ పట్టుకుని కూర్చోబెట్టారు.

"దానికి ఆకలి లేదండీ తాతగారూ. ఇటుకలు గీకడం ఇష్టం," అన్నాను.

"ఆకలి లేనిదైతే మూడుసార్లు ఎందుకు వచ్చిందే? కడుపు నిండినవాడు నిద్రపోతాడు గానీ గోడ గీకుతాడా?" అన్నారు ఆయన.

తర్వాత ఆయన చెప్పిన మాటలు తక్కువే, కానీ నేను ఇన్నేళ్ళూ వాటిని నములుతూనే ఉన్నాను. పెళ్ళిబంతిలో ఊరి పెద్దమనిషి పక్కన ఒక బిడియస్తుడు కూర్చుంటే, పెద్దమనిషి ఒక్క మాటా అనకపోయినా సరే, బిడియస్తుడు చెయ్యి అడ్డం పెట్టి చాలండి చాలండి అంటాడట. వడ్డించేవాడు కొత్తవాడైతే మొహం చూసి సరేనని వెళ్ళిపోతాడట. "మొహం అబద్ధం చెబుతుందమ్మడూ, మర్యాద కోసం. ఆకు చెప్పదు. వడ్డించేవాడు ఎప్పుడూ ఆకు చూడాలి." మరో సంగతి కూడా చెప్పారు. బంతి మొదట్లో కూర్చున్నవాడికి ఎలాగూ అందుతుంది, అడిగి పెట్టించుకునే నోరు కూడా ఉంటుంది. గిన్నెలో కూర అయిపోయేది చివరివాళ్ళ దగ్గరే. అందుకని ఆయన కొత్త కూర బయటికి వచ్చిన ప్రతిసారీ బంతి చివర నుంచి మొదలుపెట్టేవారు.

"మీరు పెట్టింది తక్కువేం కాదు," అన్నారు నాయనమ్మతో, ఖాళీ గ్లాసు ఇస్తూ. "ఇంకో బండెడు పోసినా ఆ పెద్దాయన ముందే పోస్తారు. దీనికి కావలసింది తిండి కాదండి, విస్తరి."

నాయనమ్మకి కొంచెం కోపం వచ్చింది. వడ్డన గురించి ఆవిడకి ఒకరు చెప్పడం అదే మొదటిసారి. కానీ చీకటి పడేలోపు ఆవిడే రెండు అరటాకు ముక్కలు కోసి ఇచ్చింది.

ఆయన చెప్పినట్టే చేశాం. అరటి బోదె చీల్చి, పొడుగాటి డొప్పలు తీసి, గూటికి అడ్డంగా తడికలా పాతాం. ఒక చివర మాత్రం సందు వదిలాం. అటు పెద్దాయనకి ఒక ఆకు, ఇటు ఎండ పడే మూల చిన్నాయనకి ఒక ఆకు. ముందు చిన్నాయనకి, తర్వాత పెద్దాయనకి. అరటిపండు బంద్. నాన్న కూడా సాయంత్రం జేబులు చూపించి లోపలికి రావాలని నాయనమ్మ ఆజ్ఞ.

మొదటి రోజు చిన్నాయన తినలేదు. పెద్దాయన తన ఆకు ముగించి, తడిక చుట్టూ తిరిగి వచ్చి, ఇక్కడిది కూడా ముగించారు. నేను తాతగారి ఇంటికి పరిగెత్తి ఫిర్యాదు చేశాను. "ఎంతసేపు పట్టింది ఆయన అటునుంచి ఇటు రావడానికి?" అని అడిగారు. సుమారు పావుగంట అన్నాను. "పావుగంటంటే పెద్ద బంతి లేచిపోతుందే. దానికి నమ్మకం రావాలి. రోజూ అదే వేళకి, అదే మూల, అదే ఆకు. నువ్వు మాత్రం అక్కడ నిలబడి 'తినరా, తినరా' అనకు. పక్కనే నిలబడి బతిమాలేవాళ్ళుంటే నాకే ముద్ద దిగదు," అన్నారు.

మూడో రోజు పొద్దున్న తోటకూర మీద ఒక ఎర్ర మందార పువ్వు పెట్టి, నేను నూతిగట్టు వెనక నక్కి చూశాను. చిన్నాయన వచ్చాడు. ఆగాడు. తడికవైపు చూశాడు. అటునుంచి ఎవరూ తిరగలేదు. మెడ చాపి పువ్వుని ఒక్క కొరుకు కొరికాడు. సగం నోట్లో, సగం బయట, తాంబూలం వేసుకున్న పెద్దమనిషిలా మూతి ఎర్రబడి అలాగే నిలబడ్డాడు. నేను అరవకుండా ఉండడానికి నా గౌను అంచు నోట్లో కుక్కుకున్నాను. నా నోట్లోకి వెళ్ళి, నేను తినకుండా వదిలిపెట్టిన వస్తువు ఆ గౌను ఒక్కటే అనుకుంటాను.

ఆ వారమే మా వీధి చివరింట్లో పెళ్ళి. వడ్డన తాతగారు నాకు ఉప్పు పళ్ళెం ఇచ్చారు. బంతిలో అందరికంటే ముందు ఆకు మీదకి వచ్చేది ఉప్పే, అది చిన్నపిల్లల పని. నేను చివర నుంచి మొదలుపెట్టాను. అంతకుముందు నేను బంతికి వెళ్తే చూసేది నా ఆకు ఒక్కటే. ఆ రోజు మొదటిసారి అన్ని ఆకులూ చూశాను. ఒకావిడ పులిహోర తినకుండా ఓ పక్కకి జరిపింది, పిల్లాడికి దాచిపెట్టి. ఒక ముసలాయన ముద్ద కలిపి, పళ్ళు లేక, మజ్జిగ కోసం వాకిలివైపు చూస్తున్నాడు. నేను వెళ్ళి తాతగారి పంచె లాగి చెప్పాను. ఆయన మరో మాట అడగకుండా మజ్జిగ గిన్నె ఆ ముసలాయన దగ్గరికే ముందు పంపారు. నా జీవితంలో నాకు అంత గొప్పగా అనిపించిన రోజులు చాలా తక్కువ.

అయితే అలవాటు ఎక్కడికి పోతుంది? బంతుల మధ్య తిరుగుతూనే రెండు పూర్ణం బూరెలు కాగితంలో చుట్టి, గౌను జేబులో దాచుకున్నాను. నాలుగు బంతులు లేచాక, మధ్యాహ్నం మూడు దాటాక, వడ్డించినవాళ్ళంతా చివరి బంతిలో కూర్చున్నారు. వాళ్ళకి వడ్డించడానికి ఎవరూ లేరు. గిన్నెలు మధ్యలో పెట్టుకుని ఎవరికి దొరికింది వాళ్ళు వేసుకుంటున్నారు. తాతగారు అందరికంటే చివర కూర్చున్నారు. గిన్నెలు ఆయన దాకా వచ్చేసరికి మోగుతున్నాయి.

పెళ్ళికూతురి తండ్రి అటుగా వచ్చి, "బాబాయిగారూ, అన్నీ అందాయాండి?" అని అడిగారు.

"బ్రహ్మాండంగా అందాయి నాయనా. కడుపు నిండిపోయింది," అన్నారు తాతగారు నవ్వుతూ. ఆ పెద్దమనిషి ఆ నవ్వు చూసి, సంతోషపడి, వెళ్ళిపోయారు.

నేను ఆకు చూశాను. అన్నం, దాని మీద అడుగంటిన కాస్త సాంబారు, ఓ మూల ఆవకాయ ముక్క. ఉప్పు కూడా లేదు. వడ్డించినవాళ్ళకి ఉప్పు వడ్డించడం నాకే తట్టలేదు.

పరిగెత్తి ఉప్పు తెచ్చాను. వంటశాలలోకి వెళ్ళి అడుగున మిగిలిన నెయ్యి గరిటెతో పట్టుకొచ్చాను. తర్వాత జేబులో చెయ్యి పెట్టాను. ఆ చెయ్యి బయటికి రావడానికి చాలాసేపు పట్టింది, పెద్దాయన తడిక చుట్టి రావడానికి పట్టినంతసేపు. రెండు బూరెలూ ఆయన ఆకు మీద పెట్టి, బొటనవేలితో చిల్లు పెట్టి నెయ్యి పోశాను.

"ఇవెక్కడివే?" అన్నారు.

"నాకు ఎక్కువయ్యాయండీ తాతగారూ. నేను బోలెడు తిన్నాను," అన్నాను, మొహం వీలైనంత నిండుగా పెట్టుకుని.

ఆయన నా మొహం చూడలేదు. నా చేతిలో ఖాళీ కాగితం చూశారు. దాని మీద నూనె మరక రెండు బూరెలంత ఉంది. ఒక బూరె తీసి ఆ కాగితంలోనే తిరిగి పెట్టి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, రెండోది తిన్నారు. ఇద్దరం నెయ్యి కారకుండా ముందుకి వంగి తిన్నాం. అంత తీరిగ్గా నేను దేన్నీ తినలేదు.

జూన్ నెలలో తొలకరి జల్లులు పడ్డ వారం డ్రైవరు వచ్చాడు. నాన్న తక్కెడ కట్టారు. వీధంతా వసారాలో చేరింది. ఒక పళ్ళెంలో కిలో రాయి, రెండో పళ్ళెంలో చిన్నాయన, పక్కన రెండు యాభైలు. నాన్న చెయ్యి వదలగానే చిన్నాయన పళ్ళెం దిగిపోయింది. ఒక రాయి తీశారు. ఇంకా దిగే ఉంది. రెండో రాయి కూడా తీశారు. ముల్లు ఊగి ఊగి మధ్యలో నిలబడింది. నాయనమ్మ, తూచింది తన సొంత మనవణ్ణే అన్నట్టు, మెటికలు విరిచి దిష్టి తీసింది.

"ఇంక నీ ఇష్టం అమ్మా. ఉంచుకుంటానంటే ఉంచుకో," అన్నారు నాన్న.

నేను గెలిచాను. చిన్నాయన్ని తెచ్చి తన ఆకు ముందు వదిలాను. రెండు కొరుకులు తిన్నాడు. ఆకు మీద ఇంకా సగం పైగా ఉంది. తడిక అవతల పెద్దాయన నిద్రలో ఉన్నారు. చిన్నాయన ఆకు దాటి, వాన జల్లుకి చెమ్మగిల్లిన ఇసుక మీద నడిచి, గోడ దగ్గరికి వెళ్ళి గీకడం మొదలెట్టాడు. అదే ఇటుక. వెళ్ళి చూస్తే ఆ ఇటుక మీద వేలు పట్టేంత గాడి పడి ఉంది.

"కడుపు నిండింది కదండీ తాతగారూ. మరి ఇంకా ఎందుకు గీకుతోంది?" అన్నాను.

"నన్నడుగుతావేంటే? వడ్డించేదానివి నువ్వు," అన్నారు ఆయన.

అక్కడే కాసేపు కూర్చున్నాను. ఎవరూ నన్ను తొందరపెట్టలేదు. డ్రైవరు లారీకి తాళ్ళు బిగిస్తున్నాడు. చివరికి నేనే వెళ్ళి గోనెసంచి అడిగాను. సంచిలోకి ఎత్తుతూ డ్రైవరు పెద్దాయన్ని తిరగేసి చూసి నవ్వాడు. "ఏం పాపా, పెద్దాయన అంటాండావు? ఇది ఆడది. చిన్నది మగది."

"అయ్యో, ఆ మాట ముందే చెప్పాలి కదయ్యా!" అంటూ నాయనమ్మ లోపలికి పరిగెత్తి కుంకుమ భరిణె తెచ్చి, పెద్దావిడ డిప్పకి బొట్టు పెట్టింది. దారిలో తినడానికి రెండు పొట్లాలు కట్టాను, తోటకూరా మందారాలూ. ఒకటి కాదు, రెండు. ఏది ఎవరికి ముందు పెట్టాలో డ్రైవరుకి మూడుసార్లు చెప్పాను. వాటిని పట్టిన గుట్ట మీదే వదులుతానని నా తల మీద చెయ్యి పెట్టి చెప్పాడు. లారీ వెళ్ళాక పెరట్లో ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, ఆ గరగర చప్పుడు నాకు ఎంత అలవాటైపోయిందో అప్పుడు తెలిసింది.

వడ్డన తాతగారు ఇప్పుడు లేరు. ఆయన నిలబడే బంతులు కూడా చాలా చోట్ల లేవు. అందరూ పళ్ళేలు చేత్తో పట్టుకుని నిలబడి తింటున్నారు. నేను మాత్రం పాత అలవాటు కొద్దీ అందరి పళ్ళేల్లోకీ తొంగి చూస్తూ తిరుగుతాను. నా ఆకారం చూసి, పాపం ఈవిడకి ఇంకా ఆకలి తీరలేదనుకుంటారు జనం. మా అమ్మాయి సిగ్గుతో పక్కకి తప్పుకుంటుంది. అనుకోనివ్వండి.

మా ఇంట్లో పదిమంది కూర్చుంటే నేను ఇప్పటికీ చివర నుంచే వడ్డిస్తాను. ఎవరైనా నవ్వుతూ చాలండి అంటే, నా కళ్ళు వాటంతట అవే మొహం మీంచి ఆకు మీదకి దిగుతాయి. ఆకు నిండుగానే కనిపించినప్పుడు గరిట అక్కడ పెట్టేసి, ఆ మనిషి పక్కన కాసేపు ఊరికే కూర్చుంటాను, ఎక్కడైనా ఇటుక గీకుతున్న చప్పుడు వినిపిస్తుందేమోనని.